మీకు తెలుసా? పనిమనిషి కొంగుకు రాణివాసపు నీలం

డచ్చి చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ 1658 ప్రాంతంలో వేసిన బొమ్మ ఒకటుంది. వంటింట్లో పనిమనిషి కూజాలోంచి పాలు పోస్తుంటుంది. ఆమె నడుముకు చుట్టుకున్న నీలిగుడ్డకు వాడిన రంగు, అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండల్లో తవ్వే లాపిస్ లాజులి రాయిని నూరి తీసింది. ఐరోపా చిత్రకారులు అంత ఖరీదైన నీలాన్ని ఎక్కువగా మేరీమాత వస్త్రాల కోసం అట్టిపెట్టుకునేవాళ్లు. వెర్మీర్ దాన్ని తెచ్చి ఎండిపోయిన రొట్టెముక్కలు నానబెడుతున్న మనిషికి కట్టబెట్టాడు!

బొమ్మ ఎత్తు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 41. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. రాజూ లేడు, దేవుడూ లేడు, కథా లేదు. ఒక చెయ్యి పిడి మీద, ఇంకో చెయ్యి కూజా అడుగున. పాలధార సన్నగా పడుతోంది. సురంగల్‌లోనో, మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల ఇంకే ఊళ్లోనో పొద్దున్నే పాలు కొలిచి పోసే ఆడవాళ్లకు ఈ భంగిమ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. చుక్క ఒలికితే డబ్బులు ఒలికినట్టే కాబట్టి చూపు ధార మీదనుంచి కదలదు. బొమ్మలో ఆమె చేతులు చూడండి. చొక్కా చేతులు పైకి మడిచింది. మడత దగ్గర చర్మం తెల్లగా ఉంది, కింద చెయ్యి ఎండకూ చాకిరికీ కందిపోయింది. పొలం పని చేసిన చేతికి రవిక అంచు దగ్గర పడే గీత అది. ఆ గీత వెయ్యాలని తోచడమే నాకు ఈ బొమ్మలో అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది.

వెనక గోడ ఖాళీ. ఖాళీ అంటే నున్నగా కాదు. ఒక మేకు, దాని నీడ, పాత మేకులు పీకేసిన బొక్కలు, పెచ్చులు. మొదట ఆమె తల వెనక కూజాలు తగిలించే చెక్క, కింద నిప్పుల బుట్ట గీసి, తర్వాత వాటిమీద రంగు పూసి కప్పేశాడని 2022లో బయటపెట్టిన పరీక్షల్లో తేలింది. వస్తువులు తీసేశాడు గానీ మేకును మాత్రం ఉంచాడు. ఆమె కుడిచేతి పైన గుండుసూది గుచ్చిన చిన్న రంధ్రం కూడా ఉంది. అక్కడ దారం కట్టి, సుద్ద రాసి, మన వడ్రంగి చెక్క మీద గీత కొట్టినట్టే కిటికీ గీతలు కొట్టాడన్నమాట.

మనకూ వెర్మీర్ ఊరికీ చుట్టరికం ఉంది. ఆ ఊరు డెల్ఫ్ట్, డచ్చి ఈస్టిండియా కంపెనీకి శాఖలున్న ఆరు ఊళ్లలో ఒకటి. ఈ బొమ్మ వేస్తున్న కాలానికి గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా ఏలుబడి. ఆ రాజ్యపు రేవు మచిలీపట్నంలో డచ్చివాళ్లు అప్పటికే అర్ధశతాబ్దంగా కొట్టు పెట్టుకుని అద్దకపు బట్టలు కొంటున్నారు. ఆ బట్టలు డచ్చి ఇళ్లలోకి చేరాయి. ఈ పనిమనిషి ఒంటిమీదికి మాత్రం రాలేదు, ఆమెది ముతక పసుపు రవికే.

1696లో ఆమ్‌స్టర్‌డామ్ వేలంలో ఈ బొమ్మకు 175 గిల్డర్ల ధర పలికింది. 1908లో, అమెరికాకు తరలిపోతుందేమోనన్న గోల మధ్య, డచ్చి ప్రభుత్వమే కొనేసింది.

మరి మన పల్లె ఆడవాళ్లను ఎవరు గీశారంటే ముందు తోట వైకుంఠం పేరే వస్తుంది. ఆయన బొమ్మల్లో పెద్ద బొట్లు, ఎర్రంచు చీరలు కన్నులపండువే. కానీ నా కంటికి వాళ్లెప్పుడూ పని ముగించుకుని, తయారై కూర్చున్నట్టే కనిపిస్తారు. చాకిరి చేసే చేతుల కోసమైతే సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) దగ్గరికి వెళ్లాలి. పటచిత్రాల నకాషీ పద్ధతిని ఒంటబట్టించుకుని బోనాలతోపాటు వడ్డెర స్త్రీనీ గీసిన మనిషి ఆయన. ఫామ్‌హౌస్ గోడకు బొమ్మ కొనేవాళ్లు ఆయన వైపూ ఒకసారి చూస్తే బాగుండు.