అణా వేస్తే బరువు చెప్పిన యంత్రం: వయసు కట్టడం, తాళం తీయడం

రైల్వే స్టేషన్లలో, సినిమా హాళ్ళ వాకిళ్ళలో నిలువెత్తున నిలబడి, నాణెం వేస్తే బరువు చూపిన యంత్రాలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగువాళ్ళలో ఎవరి పాత కొట్టులోనైనా అటువంటిది మిగిలి ఉందనుకోండి. తాళంచెవి పోయి ఉంటుంది. పాత ఇనుము కొనేవాడు కిలో లెక్కన బేరం పెడతాడు. పిల్లలు సుత్తి తెస్తారు. ఆ దెబ్బ పడకముందు ఏం చేయాలో ఈ వేళ చెప్పుకుందాం.

నాణెంతో కదిలే యంత్రం ఊహ చాలా పాతది. క్రీ.శ. 1వ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా నగరవాసి హీరో, నాణెం బరువుకు మీట వంగి పవిత్రజలం పోసే పాత్రను వర్ణించాడు. 1880ల దశకంలో పెర్సివల్ ఎవరిట్ అనే ఆంగ్లేయుడు నాణెం వేసే బరువు యంత్రాన్ని తెచ్చాడు. 1890ల దశకంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే మూడు చక్రాల జూద యంత్రం తయారుచేశాడు. పని వేరైనా కిటుకు ఒకటే. నాణెమే తాళంచెవి! సరైన కొలత గల నాణెం పడితే లోపలి కొక్కెం విడుతుంది. చిన్న నాణెమైతే పక్క సందులోంచి జారిపోతుంది.

కాబట్టి వయసు కట్టడం నాణెం వేసే చీలిక దగ్గరే మొదలవుతుంది. దాని పైన ఏమని రాసి ఉందో చూడండి. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. కనుక ‘అణా’ అని ఉంటే అంతకు ముందుది. ‘నయా పైసా’ అని ఉంటే 1957కూ 1964కూ నడుమది. 1964 జూన్‌లో ‘నయా’ మాట తీసేశారు.

రెండవ గుర్తు ముల్లు తిరిగే పలక. దానిపై స్టోన్లు, పౌండ్లు ఉంటే పాత కొలతలు. ఒక స్టోను అంటే 14 పౌండ్లు, మన లెక్కలో సుమారు ఆరుంపావు కిలోలు. మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలయ్యాయి. మూడవది పేరు బిళ్ళ. సౌత్ ఇండియన్ రైల్వే అని ఉంటే 1951 ఏప్రిల్‌కు ముందు వేసినదే, ఎందుకంటే ఆ నెలలోనే అది దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే ఆ బిళ్ళ 1972 తరువాతిది.

అయితే ఒక్క గుర్తునే నమ్మి తీర్పు చెప్పకండి. పాత ఇంటికి కొత్త వసారా దించినట్లు, పాత యంత్రానికి కొత్త చీలిక, కొత్త పలక బిగించి ఉండవచ్చు. పైభాగం చెప్పేది మార్పుల కథ. అసలు పుట్టుక తెలియాలంటే లోపలి భాగాలపై పోతపోసిన అంకెలు, తయారీదారు పేరు చూడాలి. అందుకే తాళం పగలగొట్టకుండా తీయాలి. పైగా పోత ఇనుము పెళుసు. సుత్తి దెబ్బకు వంగదు, పగులుతుంది. పగిలినదాన్ని అతకడం కష్టం.

మొదట యంత్రం అడుగున, వెనుక, చెవి తగిలించిన మేకు ఏమైనా ఉందేమో వెతకండి. తాళం ముఖం మీద అంకె చెక్కి ఉంటే రాసుకోండి, అది చెవి నంబరు కావచ్చు. తాళం బిగుసుకుపోయి ఉంటే వంటనూనె పోయకండి, అది జిగురై కూర్చుంటుంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి ఒక రాత్రి ఆగండి. అప్పటికీ కదలకపోతే తాళాలు చేసేవాళ్ళను పిలవండి. మదురైకి దగ్గరలోని దిండుగల్లు తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాత తాళానికి చెవి కోసే చేయి కోసం అక్కడ వెతకవచ్చు. డ్రిల్లు పెట్టడం ఆఖరి మాట.

తలుపు తెరిచాక ఏదీ కదపకముందే ఫోటో తీయండి. డబ్బుల పెట్టెలో నాణేలుంటే అన్నిటికన్నా కొత్తదానిపై సంవత్సరం చూడండి. ఆ సంవత్సరం వరకైనా యంత్రం నాణేలు తీసుకుందన్నమాట! పావలా, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్‌తో చెలామణీలోంచి పోయాయి. అయినా పారవేయకండి, యంత్రాన్ని మళ్ళీ పరీక్షించడానికి అవే కావాలి.

కోయంబత్తూరులో తెలుగు కుటుంబానికి చెందిన జి.డి. నాయుడుగారు యువకుడిగా ఒక ఆంగ్ల అధికారి దగ్గర రడ్జ్ మోటారు సైకిలు కొన్నారు. దాన్ని భాగాలు భాగాలుగా విప్పి, మళ్ళీ కూర్చి, దాని మర్మం తెలుసుకున్నారు. ఆయన చదివిన బడి ఆ యంత్రమే. విప్పినదాన్ని తిరిగి కూర్చవచ్చు, పగిలినదాన్ని కూర్చలేం. తూకానికి అమ్మితే వచ్చే డబ్బు నెల తిరక్కముందే ఖర్చవుతుంది. యంత్రం నిలిచి ఉంటే, అణా అంటే ఏమిటో మన మనుమలకు చేత్తో పట్టి చూపించవచ్చు.