నాలుగు దినములలో ఒక నగరము

యూరపుఖండమును కన్నులార చూడవలెనను కోరిక మనలో పెక్కుమందికి కలదు. అది తీరినవారు మాత్రము కొలదిమందియే. ధనము లేక కొందఱికి, తీరిక లేక కొందఱికి, దేహమున సత్తువ లేక కొందఱికి ఆ కోరిక కోరికగానే నిలిచిపోవును. వీనికంటె బలమైన కారణము మఱియొకటి కలదని నా యభిప్రాయము. యాత్ర యన్న పెద్దదిగానే యుండవలెనని మన మనుకొందుము. పోయినచో లండను, పారిసు, రోము, వెనిసు, స్విట్జర్లండు కొండలు అన్నియు ఒక్కమాఱే చూచి రావలెను. లేనిచో గడప దాటనేకూడదు. ఈ పట్టుదలచేతనే పెక్కు యాత్రలకు పురిటిలోనే సంధి కొట్టినది.

నాతో కలిసి ఇరువదియేండ్లు ఒకే పాఠశాలలో పనిచేసిన భూగోళోపాధ్యాయు లొకరు ఉండెడివారు. గోడకు వ్రేలాడు యూరపుపటముపై ఆయన బెత్తపుమొనతో రైను, డాన్యూబు నదులను చూపుచుండగా, ఈయన ఆ నదుల యొడ్డుననే పుట్టి పెరిగినారేమో యని పిల్లలు తలంచెడివారు. పింఛను పుచ్చుకొన్న పిమ్మట రెండుమాసములు దేశము లన్నియు తిరిగివత్తునని చెప్పి, ఆయన ఒక పుస్తకములో దారి, దూరము, ఖర్చు అన్నియు వ్రాసికొనియుంచిరి. ఒకయేడు కుమార్తె వివాహము, మఱుసటియేడు ఇంటి మరమ్మతు, ఆపై మోకాళ్ళు, అటుపై గుండె. ఆయన గతించిన పిమ్మట ఆ పుస్తకమును వారి యింటివారు నా చేతి కిచ్చిరి. అందులో 42 నగరముల పేరులు కలవు. వానిలో ఒక్కదానినైన ఆయన చూడలేదు. నేటి నా ప్రసంగమునకు మూలము ఆ పుస్తకమే.

మా చిన్నకుమారుడు జర్మనీదేశమున మ్యూనిక్ నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. మేము దంపతులము వాని యింట కొన్ని వారములు గడపుటకు పోయితిమి. పన్నెండు దినములలో పది దేశములు చూపెడి యొక సంస్థవారి యాత్రకు మమ్ము పంపవలెనని వాడు ఉబలాటపడెను. ఆ కార్యక్రమపత్రమును, పరీక్షాపత్రమును దిద్దునట్లు, నేను ఎఱ్ఱకలము పట్టుకొని చదివితిని. పగటివేళలో సగమునకుపైగా బస్సులోనే గడచునని తేలెను. ఇది పది గ్రంథముల అట్టలను చూచి వచ్చుట వంటిది. నాకు ఒక గ్రంథమును చదువవలెనని యుండెను. కావున మిత్రుని పుస్తకము తెఱచి, అందలి పేరులలో ప్రాగ్ నగరము నెంచికొంటిని. నాలుగు దినములు మాత్రమే. నగరము ఒక్కటి మాత్రమే.

ఇట్టి స్వల్పయాత్రకు యూరపునగరములు మిక్కిలి అనుకూలములు. వానిలో పెక్కింటికి పూర్వము కోటగోడ యుండెడిది. దేవాలయము, అంగడివీధి, నగరసభ, విద్యాపీఠము అన్నియు ఆ గోడలోపలనే యిమిడియుండవలెను గనుక ఒకదాని కొకటి దగ్గఱగా వెలసినవి. పందొమ్మిదవ శతాబ్దమున రైలుమార్గములు వచ్చినప్పుడు స్టేషనులను ప్రాతయూరి చెంతనే కట్టిరి. వియన్నా నగరపు గోడను పడగొట్టుమని 1857లో ఫ్రాన్జ్ జోసెఫ్ చక్రవర్తి ఆజ్ఞాపింపగా, ఆ గోడయున్న చోట వేసిన వలయవీధి 1865లో తెఱవబడెను. దాని పొడవు అయిదు కిలోమీటర్లకు కొంచెము హెచ్చు. ఆ వీధి లోపలి నగరమును మూడు నాలుగు దినములలో కాలినడకను చూడవచ్చును. ప్రాగ్ లోను అంతియే. రైలు దిగి, నా వంటి వృద్ధుడు మెల్లగా నడచినను, అరగంటలో నగరమధ్యమునకు చేరును. మ్యూనిక్ నుండి వియన్నాకు రైలులో సుమారు నాలుగు గంటలు, సాల్జ్‌బర్గునకు రెండు గంటలలోపు, ప్రాగ్ నకు ఆఱు గంటలు. విజయవాడనుండి హైదరాబాదునకు పోవునంత కాలములో అక్కడ ఒక దేశమునుండి వేఱొక దేశమునకు పోవుదుము.

సరిహద్దుల చిక్కును తొలగించినది షెంగెన్ ఒడంబడిక. అది 1985 జూన్ 14వ తేదీన, లక్సెంబర్గు దేశమున మోజెల్ నదిచెంత నున్న షెంగెన్ అను పల్లెలో వ్రాయబడెను. నేడు 29 దేశములు అందు చేరియున్నవి. ఒక్క అనుమతిపత్రముతో ఆ దేశములన్నిటను తిరుగవచ్చును. కాని ఏ 180 దినములలో లెక్కించినను 90 దినములకు మించి యుండరాదు. ఎక్కువ దినము లుండబోవు దేశమువారికే దరఖాస్తు చేయవలెను. ప్రయాణమునకు ఆఱుమాసములకు ముందుగా కాని, పదునైదు దినములలోపల కాని చేయరాదు. 2024 జూన్ నుండి పెద్దవారికి రుసుము 90 యూరోలు. 30,000 యూరోలకు తక్కువకాని ఆరోగ్యభీమా యుండవలెను. సరిహద్దున తనిఖీ లేదు గదా యని పాసుపోర్టును ఇంట విడిచిపోరాదు. అప్పుడప్పుడు రైలులోనే అడుగుదురు. చెక్ దేశమున యూరో నాణెము కాదు, కొరూనా యను నాణెము చెల్లును.

ఇక ప్రాగ్ లో నేను చూచినదానిని కొంత విన్నవింతును. ప్రాతనగరసభ గోడకు ఒక గడియారము కలదు. దానిని 1410లో కాదాన్ ఊరివాడగు మికులాష్ అను పనివాడు నిర్మించెను. చాలకాలము దానిని హనుష్ అను వేఱొకని పనిగా చెప్పుకొనిరి. అట్టిదానిని మఱియొక యూర చేయకుండుటకై నగరసభవారు వాని కన్నులు పొడిపించిరని కూడ కథ యల్లిరి. ఆ కథ కల్లయని పరిశోధకులు తేల్చినారు. ప్రతిగంటకు అస్థిపంజర మొకటి త్రాడు లాగును. పైకిటికీలలో క్రీస్తు శిష్యులు పన్నిద్దఱు వరుసగా కనబడి పోవుదురు. కడపట కోడి కూయును. అది ముగియగానే గుంపు విడిపోవును. మేము మాత్రము అచ్చటనే నిలిచితిమి. మా యింటిది కొంతసేపు తేఱిపాఱ చూచి, "ఏమండీ, ఇది మన పంచాంగమే కదా! గోడకు తగిలించినారు" అనెను.

ఆ మాట అక్షరాల సత్యము. ఫలకము నడుమ భూమి. మీది నీలపుభాగము పగటి యాకాశము. క్రింది నల్లనిభాగము రాత్రి. రెంటి నడుమ సంధ్యలు. బంగారు సూర్యబింబము దినమున కొకమాఱు చుట్టివచ్చును. ద్వాదశరాశులు గల వలయ మొకటి దానితోకూడ తిరుగును. సూర్యుడు ఆ వలయమున నున్నచోటు నాటి సూర్యరాశి. వలయము ఎడమవైపున క్షితిజరేఖను దాటుచోటు ఉదయించుచున్న రాశి, అనగా లగ్నము. చంద్రగోళము సగము వెండి, సగము నలుపు. అది తనలో తాను తిరుగుచు వృద్ధిక్షయములను చూపును. అయితే వారి గణితము సాయనము, మనది నిరయనము. రెంటికిని సుమారు 24 భాగల యంతరము. మేము చూచినది మే మాసము మొదటివారము. గడియారమున సూర్యుడు వృషభమున నుండగా, నా సంచిలోని పంచాంగమున మేషముననే యుండెను.

కాలమును అది పలుతెఱగుల చెప్పును. వెలుపలి వలయము సూర్యాస్తమయమునుండి లెక్కించు ప్రాత బొహీమియా గంటలను చూపును. మనవారు ఉదయమునుండి ఘడియలు లెక్కించిరి. వారు అస్తమయమునుండి లెక్కించిరి. నీలపు భాగమునందలి బంగారుగీతలు పగటిని పండ్రెండు భాగములు చేయును. ఆ యూర జూన్ మాసపు పగలు 16 గంటలకు మించును. డిసెంబరు పగలు 8 గంటలు మాత్రమే. కావున ఆ గంట వేసవిలో పెరుగును, శీతకాలమున తఱుగును. దినమానమునుబట్టి రాహుకాలము లెక్కకట్టు మనకు ఇందు వింత లేదు. దీనికి మనవారు పెట్టిన పేరు హోర. అహోరాత్రశబ్దమున మొదటి యక్షరమును కడపటి యక్షరమును లోపింపగా హోర యైనదని కొందఱి మతముగా వరాహమిహిరుడు చెప్పెను. యవనభాషనుండి వచ్చినదని నేటి పండితు లందురు. ఆ చౌకములో నిలిచినప్పుడు రెండవపక్షమే నాకు హెచ్చుగా నచ్చెను. శాస్త్రములు మనకంటె ముందే యాత్రలు చేసినవి.

ఆ చౌకముననే యున్న టిన్ దేవాలయములో, 1601లో మరణించిన టైకో బ్రాహీ సమాధి కలదు. అతని సహాయకుడుగా 1600లో వచ్చిన కెప్లరు 1612 వఱకు ఆ నగరముననే నివసించెను. గ్రహములు దీర్ఘవృత్తములలో సూర్యుని చుట్టును తిరుగుచున్నవని నిరూపించిన గ్రంథమును 1609లో ప్రకటించెను. భూమి నడుమ నున్నదని చెప్పు గడియారమునకు కొలదిదూరముననే ఆ మాట అబద్ధమని తేలినది. అయినను ఆ గడియారమును ఎవ్వరును తీసివేయలేదు. 1945 మే మాసమున యుద్ధపు కడపటి దినములలో అది కాలి పాడైనను, బాగుచేసి 1948 నాటికి మరల నడపిరి. ప్రాతది తప్పని తెలిసిన పిమ్మటకూడ దానిని గౌరవముతో కాపాడుకొనుట చూచి, ప్రాతచదువు చదివిన నాకు మనస్సు నిండినది.

వల్తావానదిపై నాలుగవ చార్లెస్ చక్రవర్తి కట్టించిన రాతివంతెన 516 మీటర్ల పొడవు. 1841 వఱకు ఆ నగరమున నదిపై అది యొక్కటే వంతెన. దాని శంకుస్థాపన 1357వ సంవత్సరము, 9వ తేదీ, 7వ మాసము, ఉదయము 5 గంటల 31 నిమిషములకు జరిగెనని ఐతిహ్యము. అంకెలను వరుసగా వ్రాసినచో బేసిసంఖ్యలు ఒకటినుండి తొమ్మిదివఱకు ఎక్కి, మరల దిగును. ముహూర్తబలముపై నమ్మకము మన సొత్తు మాత్రమే కాదు.

మూడవదినమున పింకాస్ అను యూదుల ప్రార్థనాలయమునకు పోయితిమి. రెండవ ప్రపంచయుద్ధకాలమున నాజీలచేత చంపబడిన బొహీమియా, మొరావియా ప్రాంతపు యూదుల పేరులు, సుమారు 78,000, ఆ గోడలపై చేతితో వ్రాయబడియున్నవి. ఒక్కొక్క యింటిపేరు, దాని ప్రక్కన వ్యక్తుల పేరులు, పుట్టిన తేదీలు. మా యింటిదానికి ఆ లిపి రాదు. అంకెలు మాత్రము తెలియును. పుట్టిన సంవత్సరమును చదివి, వయస్సు లెక్కకట్టి, "ఇది నాలుగేండ్ల బిడ్డ" అని మెల్లగా చెప్పి, అటుపై మాటలాడలేదు. ఆనాడు మధ్యాహ్నము చూడవలసినదానిని మేము మానుకొంటిమి. నది యొడ్డున కూర్చుంటిమి. బస్సుయాత్రలో నిట్లు కూర్చుండుటకు మాకు తీరిక యుండెడిదా?

స్వల్పయాత్ర చేయదలచినవారికి నాకు తోచిన నాలుగు మాటలు. ఉదయ మొకటి, సాయంకాల మొకటి, అంతకుమించి చూడ నెంచకుడు. రాళ్ళు పఱచిన వీధులు మోకాళ్ళకు పరీక్ష. మెత్తని జోళ్ళు తొడుగుకొనుడు. అలసినప్పుడు ట్రాము ఎక్కుడు. చీటీపై మొదటిమాఱే ముద్ర పడునట్లు చూచుకొనుడు. ప్రదర్శనశాలలు పెక్కు సోమవారము మూసియుండును, యూదులవి శనివారము. శాకాహారులు పులుసునుగూర్చికూడ అడిగి తెలిసికొనవలెను. అక్కడి పులుసులు తఱచు మాంసరసముతో కాతురు. మేము వంటగది గల బసలో దిగితిమి. అంగడి బియ్యము, ఇంటి కందిపొడి మా రాత్రిభోజనము.

నాలుగు దినములలో ఒక నగర మేమి తెలియునని మీరు ప్రశ్నింతురు. పూర్తిగా తెలియదు. చెక్ భాషలో నాకు నమస్కారమును ధన్యవాదమును తప్ప రావు. ఆ యూరి సామాన్యుల కష్టసుఖములను నే నెఱుగను. కాని ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో బయలుదేరి పదునైదు మాసములకుపైగా చేసిన కాశీయాత్రకు విలువ దాని దీర్ఘతవలన రాలేదు. మజిలీ మజిలీకి ఆయన కన్ను తెఱచి చూచుటవలన వచ్చినది. ఆ కన్ను నాలుగు దినములలోను తెఱచియుండవచ్చును.

శ్రోతలారా! ఇంటికి వచ్చిన పిమ్మట నా మిత్రుని పుస్తకము తీసి, ప్రాగ్ అను పేరున కెదురుగా తేదీ వేసితిని. ఇంకను 41 కలవు. అవి యన్నియు నావలన కావు. వచ్చుయేడు వియన్నా ఒకటి అయిన చాలును. అట్టి పుస్తకము మీయొద్దకూడ ఎక్కడనో యుండును, కాగితముపై కాకున్న మనస్సులో. అందలి పేరులన్నియు ఒక్కమాఱే తీరుటకై ఎదురుచూడకుడు. ఒక్కదానిని ఎంచికొని, కాళ్ళు నడచుచుండగనే పోయిరండు.