దిక్కులేని సైకిళ్ళు

హైదరాబాదునుండి ముంబయికి పోవు రహదారిపై పటాన్‌చెరు దాటి సంగారెడ్డి దిశగా ప్రయాణించువారికి, ఇస్నాపూరు కూడలియందును, పాశమైలారము పారిశ్రామికవాడకు తిరుగు మలుపునందును, షిఫ్టు మారు వేళలలో, బారులు తీరి నడచిపోవు కార్మికులు కానవత్తురు. వారిలో సంగారెడ్డి, మెదకు పల్లెలవారు కొందఱు. ఒడిశా, బీహారు, ఝార్ఖండు, ఉత్తరప్రదేశములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు పెక్కుమంది. స్థిరమైన కొలువుగలవారికి కంపెనీ బస్సు దొరకవచ్చును. గుత్తేదారు క్రింద కూలికి పనిచేయువానికి తన కాళ్ళో, కిక్కిరిసిన షేర్ ఆటోయో తప్ప వేఱు గతి లేదు. అద్దె గదికిని కర్మాగారపు గేటునకును నడుమ రెండు మూడు కిలోమీటర్లుండును. షిఫ్టంతయు నిలుచుండి పనిచేసిన దేహమునకు అది చిన్న దూరము కాదు. సైకిలున్నచో పావుగంట పని.

అదే రహదారిపై వెనుకకు మరలి, పటాన్‌చెరునుండి నగరమువైపు పదమూడు కిలోమీటర్లు వచ్చినచో మియాపూరు మెట్రో స్టేషను తగులును. 2017 నవంబరు 28వ తేదీన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఇచ్చటనే హైదరాబాదు మెట్రోను ప్రారంభించిరి. ఇల్లు విడిచినవారు స్టేషను చేరుటకును, స్టేషనులో దిగినవారు కార్యస్థానము చేరుటకును ఉపకరించునను తలంపుతో, ‘స్మార్ట్ బైక్’ అను పేర అద్దె సైకిళ్ళు ఆ మెట్రోతోపాటే వచ్చి వరుసలుగా నిలిచెను. ఫోనులోని యాప్‌తో తాళము తీసికొని, పని ముగిసిన పిమ్మట మఱియొక స్టాండులో నిలిపి పోవచ్చును, మనిషితో పనిలేదు. ఆలోచన ఉదాత్తమైనదే. కాని వాటిపై ఎక్కువారు అనుకొన్నంతగా రాకపోవుటయు, 2020 మార్చి 22నుండి సెప్టెంబరు 7వఱకు కరోనా కారణమున మెట్రోయే నిలిచిపోవుటయు, ఆ పిమ్మట శ్రద్ధ సన్నగిలుటయు ఒకదానికొకటి తోడై, పలు స్టేషనులకడ ఆ సైకిళ్ళు దుమ్ము పేరుకొని, టైర్లలో గాలి దిగి, చైన్లు తుప్పుపట్టి, నిలిపినచోటనే నిలిచిపోయెను.

ఒకే రహదారిపై ఒక కొసను ఎక్కువారు లేని సైకిళ్ళును, మఱియొక కొసను సైకిలు లేని బాటసారులును ఉండుట మన కాలపు నగరపాలనయందలి ఒక పెద్ద లోపమునకు సాక్ష్యము. ఈ వ్యర్థత ఎట్లు పుట్టినదో, ఎవరి బాధ్యతయో, పటాన్‌చెరు ప్రాంతమున అది పునరావృతము కాకుండుటకు ఏమి చేయవలెనో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ఉమ్మడి సైకిలు నిన్నమొన్నటి ఊహ కాదు. 1965లో ఆమ్‌స్టర్‌డాము నగరమున ‘ప్రోవో’ అను యువజన బృందమువారు, మోటారుకార్లతో నిండిపోవుచున్న వీధులను చూచి ఆవేదన చెంది, కొన్ని సైకిళ్ళకు తెల్లరంగు పూసి, తాళము వేయక, ఎవరైనను ఎక్కి పోవచ్చునని వీధులలో విడిచిపెట్టిరి. తాళము లేని సైకిలును వీధిలో విడుచుట చట్టవిరుద్ధమని పోలీసులు వాటిని పట్టుకొనిపోయిరి. నలువది యేండ్ల తరువాత, 2007 జూలైలో, పారిసు నగరము ‘వెలిబ్’ అను పేర ఆ ఊహనే వేల సైకిళ్ళతో ఆచరణకు తెచ్చెను. రెండేండ్లు నిండకమునుపే అందు సుమారు 7,800 సైకిళ్ళు అపహరింపబడెను. అంతకంటె ఎక్కువ సంఖ్యలో విరిచివేయబడెను. అయినను ఆ పథకము అంతరింపలేదు. విరిగినదానిని బాగుచేయుటకు పనివారును, పోయినదాని స్థానమున క్రొత్తది నిలుపుటకు ఒడంబడికయును, లెక్క అడుగుటకు నగరపాలక సంస్థయును ఉండుటచేత అది నేటికిని నడచుచున్నది. చీనాలోని హాంగ్‌ఝౌ నగరము 2008లో ప్రభుత్వ పోషణతో నెలకొల్పిన పథకమును అట్లే నిలిచినది.

కథ అడ్డము తిరిగినది స్టాండు అక్కఱలేని సైకిలు పుట్టిన పిమ్మట. 2014లో బీజింగులో విశ్వవిద్యాలయ విద్యార్థులు స్థాపించిన ‘ఓఫో’, 2016లో షాంఘై వీధులకు వచ్చిన ‘మొబైక్’, వీటిని అనుసరించిన పదులకొలది కంపెనీలు, సైకిలు వెనుకచక్రమునకే ఫోనుతో తెఱచుకొను తాళము బిగించి, ఎక్కడ దిగిన అక్కడనే విడిచిపోవచ్చునని చాటినవి. పెట్టుబడిదారులు కుమ్మరించిన ధనముతో, ఎదుటి కంపెనీకంటె ముందుగా వీధిని ఆక్రమింపవలెనను ఆతురతతో, ఒక్కొక్క నగరమున లక్షలకొలది సైకిళ్ళు దింపబడెను. 2017 ముగియునాటికి చీనాలో 77 కంపెనీలు, రెండు కోట్ల ముప్పది లక్షల సైకిళ్ళు ఉండెనని ఆ దేశపు రవాణా మంత్రిత్వ శాఖయే లెక్క చెప్పినది. ఎక్కువారి సంఖ్య అంతలేదు. బాడుగ స్వల్పము, మరమ్మతు వ్యయము అధికము. బ్లూగోగో అను కంపెనీ 2017 నవంబరులో మూతపడెను. మరుసటి సంవత్సరము ముగియునప్పటికి, ముందుగా కట్టిన ధరావతు సొమ్ము తిరిగి ఇమ్మని ఓఫోను అడిగినవారు కోటిమందికి పైబడిరి. నగరపాలకులు వీధులనుండి ఊడ్చి తెచ్చి బయళ్ళలో పోయించిన సైకిళ్ళు, రంగురంగుల గుట్టలై, కొన్ని చోట్ల లారీలకంటె ఎత్తుగా పెరిగెను.

ఆ అల మన దేశమును కూడ తాకినది. 2018 తొలి నెలలలో పూణె, చెన్నై, కోయంబత్తూరు మొదలగు నగరములకు పసుపుపచ్చని సైకిళ్ళతో వచ్చిన ఓఫో, ఆ జూలైలోనే ఈ దేశమును విడిచిపోయెను. పూణె వీధులలో, వేఱువేఱు కంపెనీల సైకిళ్ళు పలుమార్లు తాళములు పగిలి, సీట్లు ఊడి, పొదలలోను కాలువలలోను పడియుండుట అచటి పత్రికలకు నిత్యవార్త అయినది. వచ్చునప్పుడు నగరమునకు చేసిన వాగ్దానములు పెద్దవి. పోవునప్పుడు నగరమునకు మిగిలినది తుక్కు.

ఆ తుక్కు పాతకాలపు సైకిలు తుక్కువంటిది కాదు. పాత సైకిలు నిండుగా ఇనుము. పాత ఇనుప సామాను కొనువాడు తూచి తీసికొనిపోయి కొలిమికి చేర్చును. ఈ క్రొత్త సైకిలులో పంక్చరు కాకుండుటకై బిగించిన గట్టి టైరు వేఱుపదార్థము. తాళములో లిథియము బ్యాటరీ, సిమ్ము, ఉపగ్రహ సంకేతములను పట్టు పరికరము గలవు. వీటిని విడదీయుటకు శ్రమ ఎక్కువ, రాబడి తక్కువ. విడదీయకున్న బ్యాటరీ నేలకును నీటికిని చేటు చేయును. ఇదికాక, ఉక్కును అల్యూమినియమును కరగించి సైకిలుగా మలచుటకు ఎంతో బొగ్గు, ఎంతో విద్యుత్తు వ్యయమగును. ఆ సైకిలు ఏండ్లతరబడి తిరిగి పెట్రోలును మిగిల్చినపుడే ఆ ఋణము తీరును. నాలుగు నెలలు తిరిగి గుట్టలో చేరినదానిని పర్యావరణ హితమని పిలుచుట సత్యము కాదు.

ఈ దుస్థితికి కారణమేమని అడిగినచో, మన ప్రజలకు పౌరస్పృహ లేదనియు, ఉమ్మడి సొత్తును గౌరవించు అలవాటు మనకు రాలేదనియు చెప్పువారు కలరు. ఈ నింద న్యాయమైనది కాదని చెప్పుటకు మన ఊళ్ళలోని అద్దె సైకిళ్ళ షాపే చాలును. ఇరువదవ శతాబ్ది రెండవ భాగమున తెలుగునాట సైకిళ్ళు అద్దెకిచ్చు షాపు లేని పట్టణము అరుదు. గంటకు ఇంతయని బాడుగ. వెనుక మడ్‌గార్డుపై తెల్లరంగుతో అంకె. గోడ గడియారము చూచి, తీసికొనువాని పేరును వేళను వ్రాసికొను ఒక నోటుపుస్తకము. క్రొత్తవాడైనచో ఎవరి అబ్బాయివని అడిగి, తెలిసినవారి పూచీ. సైకిలు తిరిగి వచ్చినంతనే షాపువాడు టైరు నొక్కి, బ్రేకు పట్టి, చువ్వలు వంగినవేమో, పెడలు వదులైనదేమో చూచి, గాలి కొట్టి, అవసరమైనచో పంక్చరు వేసి మరల నిలుపును. ఏటికొకమారు ఓవరాయిలింగు చేయును. ఆ సైకిళ్ళను తొక్కినవారు ఇదే ప్రజలు. బాడుగకు తీసికొన్న పిల్లలు పడిపోయి హ్యాండిలు వంచితెచ్చిన దినములును ఉండెను. అయినను ఒక్కొక్క సైకిలు పది పదునైదేండ్లు తిరిగినది. యజమానియు, మరమ్మతుదారుడును, కావలివాడును ఒక్కడే యగుట, అతడు ఆ వీధివాడే యగుట దానికి కారణము.

ఫోనుతో తెఱచుకొను సైకిలునందు ఆ మూడు పాత్రలును విడిపోయినవి. యజమాని దూరనగరమునందలి ఒక కంపెనీ. దాని వెనుక ఉన్న పెట్టుబడిదారుడు ఇంకను దూరము. మరమ్మతు చేయువాడు గుత్తకు వచ్చు కూలీ. వాని జీతము మొదట కోతపడును. కావలివాడు లేనే లేడు. బ్రేకు పాడైన సైకిలును తీసికొన్నవాడు ఒకమారు మోసపోయినట్లు భావించి రెండవమారు రాడు. ఎక్కువారు తగ్గినకొలది మరమ్మతు తగ్గును. మరమ్మతు తగ్గినకొలది ఎక్కువారు తగ్గుదురు. ఇట్లు దిక్కులేనిదై పడియున్న దానిని ఒక ఆకతాయి విరిచినచో, ఆ తుదిదెబ్బనే మనము చూచి ప్రజలను నిందింతుము; మొదటి దెబ్బ కార్యాలయములోనే, మరమ్మతు పద్దు కొట్టివేసిన నాడే, తగిలియుండును.

రెండవ కారణము స్థానము. 2011 జనాభా లెక్కలనుబట్టి మన దేశమున వ్యవసాయేతరమైన పనులు చేయువారిలో నూటికి పదముగ్గురు సైకిలుపైననే పనికి పోవుచుండిరి. మోటారు సైకిళ్ళపై పోవువారు అంతకంటె కొంచెము తక్కువ. అనగా సైకిలు ఈ దేశమున శ్రామికుని వాహనము. కాని క్రొత్త పథకములన్నియు మంచి ఫోనును, అందులో చెల్లింపు సౌకర్యమును గల ఉద్యోగిని, వ్యాయామము కోరు నగరవాసిని దృష్టియందుంచుకొని రచింపబడెను. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంట ప్రారంభమైన, సౌరఫలకముల కప్పు గల 23 కిలోమీటర్ల సైకిలు బాట అందమైనది, అభినందనీయమైనది. నార్సింగినుండి బయలుదేఱిన దాని పెద్ద శాఖ సంగారెడ్డి జిల్లా కొల్లూరు వద్ద ముగియును. రింగ్ రోడ్డుపై కొల్లూరు తరువాతి కూడలి పటాన్‌చెరుది. అనగా వేలాది కార్మికులకు నిత్యము సైకిలు కావలసిన ప్రదేశమునకు ఒక్క కూడలి ఈవల ఆ బాట ఆగిపోయినది. ఆవల ఇస్నాపూరు, రుద్రారము, పాశమైలారము మార్గములలో సైకిలువాడు ట్యాంకర్లతోను, కంటైనరు లారీలతోను పోటీపడి పోవలెను.

ఒకరు లాభము గడించి మిగిలిన మలినమును ఊరివారి నెత్తిన విడిచిపోవుట పటాన్‌చెరు ప్రాంతమువారికి చెప్పవలసిన విషయము కాదు. రసాయన వ్యర్థములచే నక్కవాగు రంగు మారి, దాని నీరు పాఱిన పొలములు చెడిపోయి, 1990లో సర్వోన్నత న్యాయస్థానమునకు వ్యాజ్యము పోయి, ఉమ్మడి శుద్ధి కర్మాగారమును, అంబర్‌పేటకు పోవు ప్రధాన మురుగు కాలువవఱకు పదునెనిమిది కిలోమీటర్ల గొట్టపు మార్గమును వేయవలసి వచ్చెను. చెడిపిన పిమ్మట బాగుచేయుటకు పట్టిన కాలము ఒక తరము. సైకిలు తుక్కు ఆ విషజలములంతటి ఆపద కాదు. కాని ఆ పోరాటము నేర్పిన ధర్మము, అనగా వ్యర్థమును పుట్టించినవాడే దానిని తొలగింపవలెననుట, రెండింటికిని సమానము.

ఈ మాట ఇప్పుడే చెప్పుటకు కారణము కలదు. మియాపూరునుండి పటాన్‌చెరుకు 13.4 కిలోమీటర్ల మెట్రో మార్గము రెండవ దశ ప్రణాళికలో చేరియున్నది. అది వచ్చిననాడు స్టేషనులవద్ద ఉమ్మడి సైకిళ్ళు పెట్టెదమని ఏదో ఒక సంస్థ తప్పక వచ్చును, రావలెను కూడ. అప్పుడు ఒడంబడికలో కొన్ని నియమములు ముందుగానే ఉండవలెను. ఎన్ని సైకిళ్ళు దింపితిరని కాక, ప్రతిదినము తొక్కుటకు యోగ్యముగా ఎన్ని ఉన్నవని లెక్కించి, దానినిబట్టియే చెల్లింపులు జరుగవలెను. ఎక్కువారి ధరావతు సొమ్ము కంపెనీ ఖర్చులకు అందని వేఱు ఖాతాలో ఉండవలెను. కంపెనీ మూతపడినచో సైకిళ్ళను తొలగించి, బ్యాటరీలను ఇ-వ్యర్థముల నిబంధనల ప్రకారము అప్పగించుటకు సరిపడు మొత్తమును మొదటిదినముననే జమకట్టించుకొనవలెను. సింగపూరున 2018లో అనుమతి పత్రముల పద్ధతి శాసనమైన కొలది నెలలకే ఓబైక్ అను కంపెనీ హఠాత్తుగా వైదొలగెను. మనము అట్టి అనుభవమునకై వేచియుండనక్కఱలేదు.

అన్నింటికంటె ముఖ్యముగా, ప్రతి స్టాండునకు ఊరివాడైన ఒక సంరక్షకుడుండవలెను. పటాన్‌చెరు, ఇస్నాపూరు, సంగారెడ్డి వీధులలో పంక్చరు దుకాణములు పెట్టుకొని బ్రతుకు పనితనముగల వారిని నెలజీతముపై నియమించినచో, వారికి జీవనమును, సైకిళ్ళకు ఆయువును లభించును. స్టాండులు మెట్రో మెట్లవద్ద మాత్రమేకాక కర్మాగారముల గేట్లవద్దను, కార్మికులు నివసించు బస్తీలలోను ఉండవలెను. స్మార్ట్ ఫోను లేనివాడు కంపెనీ గుర్తింపుకార్డు చూపి, పుస్తకములో పేరు వ్రాయించి సైకిలు తీసికొనగలుగవలెను. పారిశ్రామికవాడల రోడ్లను దీపములను చూచు తెలంగాణ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ (టి.జి.ఐ.ఐ.సి.) వారు లారీలనుండి వేఱుచేసిన బాటను, రాత్రి షిఫ్టు దిగినవానికి చాలినంత వెలుతురును కల్పింపవలెను. బాట లేనిచోట సైకిలు ఇచ్చుట వానిని ప్రమాదములోనికి పంపుటయే.

ఇవన్నియు భారమైన నియమములని, ఇట్లయినచో ఏ కంపెనీయు ముందుకు రాదని వాదించువారుండవచ్చును. భారము వహింపలేని కంపెనీ రాకుండుటయే మేలు. అట్టి స్థితిలో కర్మాగారముల యాజమాన్యములే తమ సామాజిక బాధ్యత నిధులతో ఈ పనిని చేపట్టవచ్చును, ఏలయన వారి గేటువద్దకు అలసటలేక, వేళకు, క్షేమముగా చేరు కార్మికునివలన మొదట ప్రయోజనము పొందువారు వారే. ఉమ్మడి సొత్తునకు పేరుగల సంరక్షకుడును, పద్దులో నిలిచిన మరమ్మతు ధనమును ఏర్పడకమునుపు ఒక్క సైకిలునైనను వీధిలో నిలుపరాదు. మెట్రో రాకకు ఇంకను వ్యవధి యున్నది. ఆ వ్యవధిలోనే ఈ నియమములను వ్రాసి, శాసనబద్ధము చేయుట రాష్ట్ర ప్రభుత్వమునకును, స్థానిక సంస్థలకును తప్పించుకొనరాని కర్తవ్యము.