ఇంట్లో సాసేజ్ తయారీ: పరికరాల ఎంపిక

4.1 పరిచయం

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత, రెండు కిలోల మాంసంతో ఇంట్లో సాసేజ్ చేయదలచిన కుటుంబానికి ఏ పరికరాలు అవసరమో, ఏవి అనవసరమో మీరు కారణాలతో చెప్పగలగాలి. పరికరాల పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలదు. పేర్లు అమ్మేవాళ్లు ఎటూ చెబుతారు. ఆ పరికరం మాంసాన్ని ఏం చేస్తుందో మాత్రం చెప్పరు.

ఖీమాకు ఉప్పు, మసాలా కలిపి పేగు తొడుగులో నింపితే సాసేజ్ అవుతుంది. ఇంత చిన్న పనికి శాస్త్రం ఎందుకని మీకు అనిపించవచ్చు. మాంసం ముక్కకు అంటుకునే సూక్ష్మజీవులు ఎక్కువగా దాని పైభాగంలోనే ఉంటాయి. ముక్కను ఖీమా చేసినప్పుడు ఆ పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది. దానిని గాలి చొరని తొడుగులో బిగించి, వెచ్చగా వదిలేస్తే ప్రమాదం మొదలవుతుంది. పందొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాల్లో జర్మనీలోని వ్యుర్టెంబర్గ్ ప్రాంతంలో సాసేజ్ తిని పలువురు మరణించారు. ఆ రోగుల లక్షణాలను యుస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు ఓపికగా నమోదు చేసి 1820, 1822లలో ప్రచురించాడు. ఆయన కవి కూడా. లాటిన్ భాషలో సాసేజ్‌ను బొటులస్ అంటారు. బొట్యులిజం అనే వ్యాధి పేరు దాని నుంచే వచ్చింది. కాబట్టి పరికరం కొనేటప్పుడు రుచితో పాటు ఈ సంగతి కూడా మన దృష్టిలో ఉండాలి.

4.2 ముందు రకం, తరువాత పరికరం

గోవాలో చేసే చౌరిసోకు ఖీమా మిషన్ అక్కర్లేదు. పంది మాంసాన్ని కత్తితో చిన్న ముక్కలుగా కోసి, వెనిగర్, మిరపకాయ, మసాలాలలో ఊరబెట్టి, పేగులో నింపి, ముడులు వేసి ఆరబెడతారు. ఫ్రాంక్‌ఫర్టర్ దీనికి పూర్తిగా భిన్నం. అందులో మాంసం, కొవ్వు, మంచు కలిసి మెత్తని ముద్ద కావాలి. దానికి కర్మాగారాల్లో గిన్నె ఆకారపు పెద్ద కటింగ్ యంత్రాలు వాడతారు. వంటింటి మిక్సీలో ఆ పని చేయబోతే బ్లేడు వేడికి కొవ్వు కరిగి విడిపోతుంది. ఈ రెండింటికీ మధ్య ఉండేది బరకగా రుబ్బిన తాజా సాసేజ్. ఫ్రిజ్‌లో పెట్టి ఒకటి రెండు రోజుల్లో వండుకుని తినేది ఇదే. ఇంటికి అనువైనది ఇదే కనుక ఇక ముందు దీని గురించే మాట్లాడుకుందాం.

4.3 ఖీమా మిషన్

ఖీమా మిషన్‌లో మాంసాన్ని ముందుకు తోసే స్క్రూ, నాలుగు రెక్కల బ్లేడు, రంధ్రాల పళ్లెం, వీటిని పట్టి ఉంచే బిగింపు చుట్టు ఉంటాయి. బ్లేడు, పళ్లెం కలిసి కత్తెరలాగా పనిచేస్తాయి. వాటి మధ్య సందు ఏర్పడినా, అంచు మొండిబారినా మాంసం తెగదు, నలుగుతుంది. నలిగిన కొవ్వు మాంసం నారలకు వెన్నలా పూసుకుపోతుంది. అలా పూసుకుపోయిన ముద్దలో మాంసకృత్తులు సరిగా అతుక్కోవు. వండినప్పుడు కొవ్వు కారిపోయి సాసేజ్ పిండి పిండిగా, పొడిగా మిగులుతుంది. చాలామంది దీనికి మసాలాను తప్పుపడతారు.

నేను మొదటిసారి ఇంట్లో చేసినప్పుడు బ్లేడును తిరగేసి బిగించాను. చదును వైపు పళ్లెానికి ఆనాలి, నేను ఉబ్బు వైపు ఆనించాను. మోటారు మూలుగుతుంటే మాంసం గట్టిగా ఉందనుకుని ఇంకా బలంగా అదిమాను. బయటికి వచ్చినది ఖీమా కాదు, గులాబీరంగు లేపనం. అప్పటికి నేను పాఠం చెప్పడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది!

అందువల్ల కొట్టులో మొదట అడగవలసినది వాట్ల సంఖ్య కాదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే వాట్లు తరచుగా మోటారు ఇరుక్కుపోయినప్పుడు క్షణకాలం లాగే శక్తిని చెబుతాయి. నిలకడగా పనిచేసే శక్తి దానికంటే చాలా తక్కువ. బ్లేడు స్టీలుదేనా, విడిగా దొరుకుతుందా, సాన పట్టించవచ్చా, పళ్లేలు ఎన్ని ఇస్తున్నారు అన్నవి అడగండి. 4.5 లేదా 6 మిల్లీమీటర్ల రంధ్రాల పళ్లెం ఒకటి, 8 మిల్లీమీటర్లది ఒకటి ఉంటే ఇంటికి సరిపోతాయి.

మిషన్లకు 5, 8, 12, 22, 32 అని నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగిన కొద్దీ పళ్లెం వ్యాసం పెరుగుతుంది. 8 నంబరు పళ్లెం సుమారు 62 మిల్లీమీటర్లు, 12 నంబరుది సుమారు 70 మిల్లీమీటర్లు. రెండు కిలోలకు 8 చాలు. 22, 32 దుకాణాలకు. బల్లకు బిగించి చేత్తో తిప్పే మిషన్‌ను చిన్నచూపు చూడకండి. పదును బాగుంటే అది రెండు కిలోలను కొద్దిసేపట్లో రుబ్బుతుంది, కరెంటు పోయినా ఆగదు. అయితే బల్ల అంచు దాని బిగింపులో పట్టాలి. మన వంటింటి గ్రానైట్ గట్లకు చాలా మిషన్లు పట్టవు. కొనకముందే గట్టు మందం కొలవండి.

ఇంకొక కొలత కూడా కావాలి, మీ ఫ్రీజర్ అరది. మే నెలలో విజయవాడ వంటిల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు. అక్కడ మామూలు వేడిలో ఉన్న ఇనుప మిషన్‌లో మాంసం పోస్తే పూసుకుపోవడానికి వేరే కారణం అక్కర్లేదు. మాంసాన్ని రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, అంచులు బిగిసే వరకు ఫ్రీజర్‌లో ఉంచాలి. స్క్రూ, బ్లేడు, పళ్లెం, వాటి గొట్టం కూడా అలాగే చల్లబరచాలి. కాబట్టి ఆ భాగాలు ఊడిరావాలి, అరలో పట్టాలి, లోహానివై ఉండాలి. ప్లాస్టిక్ స్క్రూ చలిని నిలుపుకోదు. అల్యూమినియం భాగాలు ఘాటైన క్షారపు సబ్బుకు నల్లబడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదు ఎక్కువే అయినా తగిన ఖరీదే.

మిషన్ కొనలేనివారు మటన్ కొట్టులో కొట్టించుకోవచ్చు కదా అని అడుగుతారు. పొద్దుటి నుంచి కడగని మిషన్‌లో మీ మాంసానికి ముందు ఎవరి మాంసం పడిందో మీకు తెలియదు. దానికంటే సగం గడ్డకట్టిన మాంసాన్ని ఇంట్లోనే మంచి కత్తితో సన్నగా కొట్టుకోవడం మేలు. చేయి నొప్పి పుడుతుంది, సాసేజ్ మాత్రం చక్కగా వస్తుంది.

4.4 నింపే పరికరం

ఖీమా మిషన్‌తో పాటు నింపే గొట్టాలు ఉచితంగా వస్తాయి. నా అభిప్రాయంలో వాటిని వాడకపోవడమే మంచిది. రుబ్బిన ముద్ద మళ్లీ స్క్రూలో పడి నలుగుతుంది, వేడెక్కుతుంది, గాలి బుడగలు చేరతాయి. పిస్టన్‌తో నెమ్మదిగా తోసే స్టఫర్ ముద్దను నలపదు. రెండు మూడు కిలోలు పట్టేది చాలు. పిడి తిప్పినప్పుడు కదిలే పళ్లచక్రాలు లోహానివా అని చూడండి. ప్లాస్టిక్‌వి గట్టి ముద్దకు విరిగిపోతాయి. పిస్టన్‌లో గాలి పోయే చిన్న కవాటం ఉండాలి.

గొట్టాన్ని తొడుగును బట్టి ఎంచుకోవాలి. గొర్రె పేగు తొడుగులు సుమారు 18 నుంచి 28 మిల్లీమీటర్ల వ్యాసంలోనూ, పంది పేగువి అంతకంటే లావుగానూ ఉంటాయి. సన్న గొట్టం లేకపోతే గొర్రె పేగు చిరిగిపోతుంది. కొలాజెన్ తొడుగులు వాడటం సులభం. అయితే అవి ఎక్కువగా పశువుల చర్మం నుంచి తయారవుతాయి. మీ ఇంట్లోవారికో, తినేవారికో అభ్యంతరం ఉండవచ్చు. పొట్లం మీద చదివి, వారికి ముందే చెప్పండి.

4.5 కొలిచే పరికరాలు

డబ్బు తగ్గించుకోవాలంటే మిషన్‌లో తగ్గించండి, వీటిలో కాదు. కిలో మాంసానికి 18 గ్రాముల ఉప్పు వేయాలంటే మామూలు వంటింటి కాటా చాలు. పొగబెట్టే సాసేజ్‌ల సంగతి వేరు. తక్కువ వేడిలో గంటల తరబడి ఉంటాయి కనుక వాటిలో బొట్యులిజాన్ని అరికట్టడానికి నైట్రైట్ మిశ్రమం వేస్తారు. సాధారణంగా దొరికే మిశ్రమంలో 6.25 శాతం సోడియం నైట్రైట్, మిగిలినది ఉప్పు. కిలోకు 2.5 గ్రాములు వేస్తే మాంసంలో చేరే నైట్రైట్ సుమారు 156 మిల్లీగ్రాములు. ఒక్కొక్క గ్రాము చొప్పున చూపే కాటా 2.5ను 2 అనో 3 అనో చూపుతుంది. 3 గ్రాములు పడితే నైట్రైట్ 187 మిల్లీగ్రాములు దాటుతుంది, అంటే ఐదో వంతు ఎక్కువ. మిశ్రమం అనుకుని స్వచ్ఛమైన సోడియం నైట్రైట్ వేస్తే 16 రెట్లు అవుతుంది. అది ప్రాణాంతకం. చూడటానికి ఉప్పులాగే ఉంటుంది కనుకనే మిశ్రమానికి గులాబీ రంగు కలుపుతారు. ఆ రంగు చూసి సైంధవ లవణాన్ని అదే అనుకునేవారూ ఉన్నారు. సైంధవ లవణంలో ఆ రక్షణ ఏమీ లేదు. 0.1 గ్రాము వరకు చూపే చిన్న కాటా లేని ఇంట్లో నైట్రైట్ జోలికి పోకూడదు. మనం చెప్పుకుంటున్న తాజా సాసేజ్‌కు అది అవసరమే లేదు.

థర్మామీటర్ సూదిలా లోపలికి గుచ్చేదై ఉండాలి. పంది, మేక మాంసం సాసేజ్ మధ్యభాగం 71 డిగ్రీల సెల్సియస్, కోడి మాంసానిది 74 డిగ్రీలు చేరాలి. పంది మాంసంలో బద్దెపురుగు భయం ఉన్నచోట రంగు చూసి ఉడికిందనుకోవడం చాలదు. జ్వరం చూసే థర్మామీటర్ దీనికి పనికిరాదు, దాని కొలత 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కొన్న థర్మామీటర్‌ను కరుగుతున్న మంచు నీటిలో ముంచి సున్నా చూపుతుందో లేదో పరీక్షించండి. మరిగే నీటితో పరీక్షిస్తే పొరపడవచ్చు. హైదరాబాదు 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కనుక అక్కడ నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది.

4.6 కడగడం

కడగడం కష్టమైన మిషన్‌ను నెమ్మదిగా కడగడం మానేస్తారు. అందుకే కొట్టులోనే ఒకసారి విప్పి, తిరిగి బిగించి చూడండి. వేలు గాని, బ్రష్ గాని చేరని మూల ఉంటే వదిలేయండి. వాడిన వెంటనే ముందు చన్నీళ్లతో కడగాలి. మొదటే వేడినీళ్లు పోస్తే మాంసకృత్తులు ఉడికి రంధ్రాలలో అతుక్కుపోతాయి. తరువాత వేడినీళ్లు, సబ్బు, ఆపైన మరిగే నీళ్లు. తుడిచి పూర్తిగా ఆరనిచ్చి, బ్లేడుకు కొంచెం వంటనూనె రాసి పెట్టాలి. మళ్లీ వాడేముందు ఆ నూనెను కడిగేయండి, పాత నూనె కంపు కొడుతుంది.

హైదరాబాదు శివారు చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ మాంస ఉత్పత్తుల తయారీలో శిక్షణ ఇస్తుంది. అమ్మకానికి చేయాలనుకునేవారు మిషన్ కొనకముందే అక్కడ విచారించడం మంచిది. అమ్మకానికి ఆహార భద్రతా శాఖ నమోదు కూడా కావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కొవ్వు పూసుకుపోవడానికి గల కారణాలను వివరించి, వాటిలో పరికరానికి సంబంధించినవి ఏవో, పనిచేసేవారికి సంబంధించినవి ఏవో వేరు చేయండి.

2. ఒక కుటుంబం చేత్తో తిప్పే ఖీమా మిషన్, స్టఫర్, సూది థర్మామీటర్, 0.1 గ్రాము కాటా కొనాలనుకుంది. డబ్బు మూడింటికే సరిపోతుంది. వారు కోడి మాంసంతో తాజా సాసేజ్ మాత్రమే చేస్తారు. ఏది వదులుకోమని సలహా ఇస్తారు? ఎందుకు?