నాలుగు బీట్లలో బరువెక్కడ?

పాశ్చాత్య సంగీత నొటేషన్‌లో పాట మొదట్లోనే 4 మీద 4 కనిపిస్తుంది. దాన్ని భిన్నంలా చదవకూడదు. పై అంకె ఒక బార్‌లో (అంటే బీట్ల ఒక్కో విడతలో) ఎన్ని బీట్లో చెబుతుంది. కింది అంకె ఒక్కో బీటుకు కొలత ఏమిటో చెబుతుంది. ఇక్కడ అది క్వార్టర్ నోట్. ఇదే కామన్ టైమ్. కొందరు అంకెలకు బదులు 'సి' లాంటి గుర్తు వేస్తారు. అది 'కామన్'లోని మొదటి అక్షరం కాదు, తెగిన వృత్తం. మధ్యయుగ ఐరోపాలో మూడు లెక్కను పరిపూర్ణమని ఎంచి నిండు వృత్తంతో, రెండు లెక్కను సగం వృత్తంతో గుర్తించేవారు. అసంపూర్ణమనిపించుకున్న ఆ గుర్తే ఈనాటికీ వాడుకలో మిగలడం తమాషా.

నాలుగు దాకా లెక్కపెట్టడం ఎవరికైనా వచ్చు. అసలు కిటుకు బరువులో ఉంది. పాత పద్ధతిలో ఒకటో బీటు గట్టిగా, మూడోది కాస్త తక్కువ బలంతో, రెండూ నాలుగూ తేలిగ్గా పడతాయి. ఆర్కెస్ట్రా నడిపించే కండక్టర్ చెయ్యి ఒకటికి కిందికి దిగుతుంది, రెండుకు ఎడమకు, మూడుకు కుడికి, నాలుగుకు పైకి వెళ్తుంది. మన ఆదితాళం ఎనిమిది అక్షరాల్ని చూసి అదీ కామన్ టైమూ ఒకటేననుకుంటారు కొందరు. కాదు. తాళం కాలాన్ని కొలుస్తుందే తప్ప ఏ అక్షరం గట్టిగా పడాలో శాసించదు.

జాజ్, రాక్ వచ్చి ఆ బరువును తిరగేశాయి. స్నేర్ డ్రమ్ రెండు మీద, నాలుగు మీద పడటం మొదలైంది. దాన్నే బ్యాక్‌బీట్ అంటారు. క్వీన్ బృందం 1977లో విడుదల చేసిన 'వీ విల్ రాక్ యూ'లో రెండుసార్లు కాలు నేలకేసి కొట్టి ఒక చప్పట్టు చరుస్తారు కదా, ఆ చప్పట్టు పడేది సరిగ్గా అక్కడే.

ఈ తేడా ఎంత పట్టింపుగా ఉంటుందో అమెరికన్ గాయకుడు హ్యారీ కానిక్ జూనియర్ కచేరీ వీడియో ఒకటి చెబుతుంది. జనం ఒకటి, మూడు మీద చప్పట్లు కొడుతున్నారు. ఆయన వాళ్లను వారించలేదు. పియానో వాయిస్తూనే ఒక్క బార్‌లో నాలుగుకు బదులు ఐదు బీట్లు వేశాడు. జనం తమ ధోరణిలో తాము కొడుతూనే ఉన్నారు. చప్పట్లు మాత్రం రెండు, నాలుగు మీదికి జరిగిపోయాయి. వెనకున్న డ్రమ్మర్ సంబరంగా చేతులు పైకెత్తాడు!

ఈసారి రాక్ పాట వింటే ముందు స్నేర్‌ను పట్టుకోండి. చాలావరకు అది రెండోదో నాలుగోదో అవుతుంది; ఒకటి ఎక్కడుందో అప్పుడు దానంతటదే తెలుస్తుంది.