అన్నిటికన్నా పుల్లనిది మన పొట్టే

కృష్ణా డెల్టాలో పులుపు లేని పూట తక్కువ. అన్నంలోకి గోంగూర పచ్చడి, ఆపైన ముక్కల పులుసో చేపల పులుసో, చివర్లో మజ్జిగ. ఎండాకాలం వస్తే బెజవాడలో సందుకో నిమ్మకాయ సోడా బండి. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మను చూసి దిగేవాళ్ల చేతిలో పులిహోర ప్రసాదం. ఇంత పులుపు రోజూ లోపలికి పోతుంటే ఒంటికి ఏమీ కాదా అని భయపడేవాళ్లూ మన దగ్గరే ఎక్కువ. పులుపు విషయంలో మన ఒంట్లో ఉన్న రికార్డులు చూస్తే ఆ భయం చాలావరకు తీరిపోతుంది. మిగిలిన కాస్త భయం మాత్రం ఉండాల్సిందే.

పులుపులో మొదటి స్థానం

పులుపును పీహెచ్ అంకెల్లో కొలుస్తారు. డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో ఇచ్చిన కొలత ఇది. అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది, ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లవుతుంది. చింతపండు గుజ్జు 3కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. కోలా డ్రింకు 2.5 దగ్గర, నిమ్మరసం 2 నుంచి 2.6 మధ్య. ఖాళీ కడుపులో ఊరే జఠర రసం 1.5 దాకా దిగుతుంది. తెనాలి మార్కెట్‌కు బస్తాల్లో వచ్చే నిమ్మకాయల్లో ఏదీ దానికి సాటి రాదు. పైగా ఈ రసం రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల వరకు ఊరుతుంది. పులుసన్నం పడితే పొట్ట ఇంకా పుల్లబడుతుందని అనుకుంటాం కానీ, ఏ అన్నం పడినా లోపలి ఆమ్లం కాసేపు పలచబడుతుంది.

జఠర రసంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని ఇంగ్లండ్ వైద్యుడు విలియం ప్రౌట్ 1824లో ప్రకటించాడు. దాన్ని కళ్లారా చూసే అవకాశం అమెరికా సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్‌కు దక్కింది. 1822లో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి పొట్టలో తుపాకీ గుండు దెబ్బ తగిలింది. మనిషి బతికాడు గానీ పొట్టకు పడ్డ రంధ్రం పూడలేదు. బ్యూమాంట్ మాంసం ముక్కల్ని పట్టుదారానికి కట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి దించేవాడు, గంటకోసారి పైకి లాగి ఎంత కరిగిందో రాసుకునేవాడు. ఆ పరిశీలనలు 1833లో పుస్తకంగా వచ్చాయి. అలెక్సిస్ అనుభవించిన బాధ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. జీర్ణక్రియ గురించి మనకు తెలిసినదానికి పునాది మాత్రం అక్కడే పడింది.

ఒంట్లోకెల్లా పెద్ద తేడా

పొట్ట గోడలోని కణాల లోపలి పరిస్థితి రక్తానికి దగ్గరగా ఉంటుంది. అవి బయటికి తోసే ఆమ్లం దానికన్నా పది లక్షల రెట్లు గాఢంగా ఉండగలదు. ఇంత తేడాను నిలబెట్టే పంపు మన శరీరంలో ఇంకొకటి లేదు. గ్యాస్ మాత్రగా మనవాళ్లకు బాగా తెలిసిన ఒమెప్రజోల్ పనిచేసేది ఆ పంపు మీదే. మరి పొట్ట తనను తాను అరిగించుకోదెందుకు? గోడ మీద చిక్కటి జిగురు పొర ఉంటుంది. దాని అడుగున ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ ఊరుతుంది. పై వరస కణాలు కొద్ది రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి.

పచ్చళ్లు తిని అల్సర్ తెచ్చుకున్నాడని మనిషిని తిట్టడం మన ఇళ్లలో మామూలే. అల్సర్లలో ఎక్కువ భాగం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా వల్ల, తర్వాత నొప్పి మాత్రల వల్ల వస్తాయి. ఇది నిరూపించడానికి ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ 1984లో ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి జబ్బు పడ్డాడు. 2005లో ఆయనకూ, ఆయన తోటి పరిశోధకుడు రాబిన్ వారెన్‌కూ నోబెల్ వచ్చింది.

అన్నవాహికకు మాత్రం పొట్టకున్న కవచం లేదు. ఆమ్లం అక్కడికి ఎగదన్నితే గుండెల్లో మంట. అది ఉన్నవాళ్లు పులుపు తగ్గించుకోవాలి, తిన్న వెంటనే పడుకోకూడదు.

అతి ఇరుకైన హద్దు

రక్తం పీహెచ్ 7.35కూ 7.45కూ మధ్యే ఉండాలి. ఎంత పులుపు తిన్నా ఆరోగ్యవంతుడి రక్తం ఆ గీత దాటదు. రక్తంలోని బైకార్బనేట్, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కలిసి ఆ కాపలా కాస్తాయి. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఒంట్లో ఖర్చయ్యాక మూత్రంలో ఆమ్లత తగ్గుతుంది, కిడ్నీలో కొన్ని రకాల రాళ్లు ఏర్పడకుండా సిట్రేట్ అడ్డుపడుతుంది. గోంగూర సంగతి వేరు. అందులో ఆక్సలేట్ ఉంటుంది కాబట్టి కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టరును అడిగి తినడం మంచిది.

ఆపరేషన్ అయిందంటే చాలు, పులుపు పెట్టొద్దు, చీము పడుతుందని పెద్దవాళ్లు పట్టుబడతారు. చీము పట్టించేవి సూక్ష్మజీవులు. గాయం మానడానికి విటమిన్ సి కావాలి, అది నిమ్మలో, ఉసిరిలో దండిగా ఉంది. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు, విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీతో చిగుళ్లు కుళ్లిన 12 మంది నావికులను జంటలుగా విడదీసి ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరిలో ఒకడు ఆరు రోజులకే పనిలోకి దిగాడు. డాక్టరు వద్దంటే తప్ప, కుట్లు పడిన మనిషికి నిమ్మకాయ పులిహోర పెట్టకుండా వారాల తరబడి చప్పిడి కూడు పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

గట్టిదే ముందు ఓడుతుంది

మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం పంటి మీది ఎనామిల్. పులుపు ముందు తేలిగ్గా ఓడిపోయేదీ అదే. నోట్లో పీహెచ్ 5.5 కన్నా దిగితే అది కరగడం మొదలవుతుంది. లాలాజలం మళ్లీ ఖనిజాలు అందించి మరమ్మతు చేస్తుంది గానీ దానికి వ్యవధి కావాలి. పచ్చి మామిడికాయ ఉప్పూకారంతో తిని పళ్లు పులిసినప్పుడు వెంటనే బ్రష్ పట్టుకోవద్దు. నీళ్లు పుక్కిలించి, కనీసం అరగంట ఆగాలి. గ్లాసు డ్రింకు గటగటా తాగినదానికన్నా గంటసేపు చప్పరిస్తూ కూర్చుంటేనే పళ్లకు నష్టం ఎక్కువ.

పులుపును మించిన గిన్నె ప్రమాదం

చింతపండు పెట్టి తోమితే ఇత్తడి కుందులు తళతళలాడతాయి. మకిలిని ఆమ్లం కరిగించేస్తుంది కాబట్టే ఆ మెరుపు. అదే చింతపండు పులుసును కళాయి లేని ఇత్తడి గిన్నెలో కాస్తే లోహమూ కరుగుతుంది, పులుసు చిలుమెక్కుతుంది. ఇత్తడిలోంచి అలా దిగిన రాగి వాంతులు పట్టిస్తుంది. అందుకే పాతకాలంలో గిన్నెలకు తగరంతో కళాయి పూయించేవారు, పులుసుకు రాచిప్ప, ఊరగాయకు జాడీ వాడేవారు. ఆవకాయకు టెంక అంటిన ముక్క కొట్టించి, జీడి తీసి, పొర గీకి, పొడిబట్టతో తుడిచి మరీ కలపడంలోనూ శాస్త్రం ఉంది. పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉన్నచోట బొటులిజం అనే జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే బాక్టీరియా పెరగలేదు. మామిడి పులుపు, ఉప్పు కలిసి జాడీని ఏడాదంతా కాపాడతాయి. తడి తగిలితే ముందు బూజు పడుతుంది.

చింతపండు చేసిన మేలు

నల్లగొండ ప్రాంతంలో నీళ్లలోని ఫ్లోరైడ్ తరాల ఎముకల్ని వంచేసింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెట్టి చూశారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. ఈ ఫలితం 2002లో అచ్చయింది.

ఒకే ఆమ్లం, రెండు గతులు

బాత్‌రూమ్ కడిగే యాసిడ్లలో చాలావాటిలో ఉన్నది పొట్టలో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. పొట్టలో అది అర శాతం లోపు. సీసాలో దానికి ఎన్నో రెట్లు. మింగితే పొట్టకు చేరేలోపే నోరు, గొంతు, అన్నవాహిక కాలిపోతాయి. దాన్ని పాత కూల్‌డ్రింక్ సీసాలో పోసి స్నానాల గది మూల పెట్టే అలవాటు ఇంకా ఉంది, దాహమేసిన పిల్లవాడు అది డ్రింకే అనుకుంటాడు. ఎవరైనా తాగితే వాంతి చేయించొద్దు, వచ్చిన దారినే అది రెండోసారి కాలుస్తుంది. నోరు నీళ్లతో కడిగించి, ఆ సీసాను కూడా తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.