మీకు తెలుసా? చెరువు నాచును మేసేదెవరు?

బెంగళూరు నగర్తపేట ధర్మరాయస్వామి గుడి నుంచి సాగే కరగ ఉత్సవానికి సంపంగి చెరువుతో పాత బంధం. ఆ చెరువు చాలావరకు కంఠీరవ స్టేడియం కింద కలిసిపోయింది. మిగిలింది ఒక చిన్న కుంట. అలాంటి కుంటలో నీళ్లు పచ్చబడితే చాలామంది ముఖం చిట్లిస్తారు. కానీ ఆ పచ్చదనమే నీటిలోని ప్రాణులకు తొలి ముద్ద.

కప్పపిల్లలు పలుచని వరుసల పళ్లతో రాళ్ల మీది నాచును గీరి తింటాయి. నత్తలూ అంతే. ఆవగింజంత ఉండే డాఫ్నియా అనే నీటి ప్రాణి నీటిని వడగట్టి, కంటికి కనిపించని నాచు కణాలను (శైవలాలను) మింగుతుంది. చెరువు నీటిని తేటగా ఉంచడంలో దీనిదే పెద్ద పాత్ర, దీన్ని గుర్తించేవాళ్లే తక్కువ!

ఈ మేత గొలుసు అదుపు తప్పితే? మురుగుతో నైట్రోజన్, ఫాస్ఫరస్ చేరి నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని వాడేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. కొల్లేరు ప్రాంతపు చేపల రైతులకు ఇది బాగా తెలుసు. 2016 మార్చిలో బెంగళూరు అలసూరు చెరువులో వేల చేపలు చనిపోయాయి. మురుగు చేరి ఆక్సిజన్ పడిపోవడమే కారణమన్నారు.

చేపలు వదిలితే నాచు పోతుందన్న నమ్మకం సగమే నిజం. సిల్వర్ కార్ప్ శైవలాలను తింటుంది. బొచ్చె చేప మాత్రం ఎక్కువగా డాఫ్నియా వంటి, నీటిలో తేలే చిన్న ప్రాణులనే (జంతు ప్లవకాలనే) తింటుంది. బొచ్చెలు మితిమీరితే నాచును మేసే ఆ ప్రాణులు తగ్గి, నీళ్లు ఇంకా పచ్చబడవచ్చు.